స్కానర్‌తో ఎయిర్‌పోర్ట్ రేడియో వినడం: బే ఏరియా తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

స్కానర్ అంటే చాలా రేడియో చానెళ్ళను ఒకదాని తర్వాత ఒకటి వెతికి, మాట వినపడిన చోట ఆగే రిసీవర్. శాన్‌ఫ్రాన్సిస్కో, ఫ్రీమాంట్, శాన్‌హోసే చుట్టుపక్కల ఉండేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉన్నవాళ్ళు ఫ్రీక్వెన్సీ నంబర్లు మార్చుకుంటే చాలు, మిగతాదంతా అక్కడా పనికొస్తుంది. ఇండియా, ఇంగ్లండ్ సంగతి వేరు. దానికి రెండో ప్రశ్న చూడండి.

పైలట్ల మాటలు వినడం నేరం కాదా? హెచ్‌వన్‌బి మీద ఉన్నాం, లేనిపోని టెన్షన్ ఎందుకని భయం.

అమెరికాలో నేరం కాదు. ఇతరుల మాటలు దొంగచాటుగా వినకూడదని చెప్పే ఫెడరల్ చట్టంలోనే విమానాల, ఓడల రేడియో సంభాషణలకు 1986లో స్పష్టంగా మినహాయింపు రాశారు. ఆ మినహాయింపు ఈ దేశ పౌరులకు మాత్రమే అని ఎక్కడా లేదు. వీసా మీద ఉన్నా గ్రీన్‌కార్డ్ ఉన్నా ఒకటే. సెల్‌ఫోన్ మాటలు వినడం మాత్రం నేరం. ఆ బ్యాండ్లు అందకుండా చేసిన స్కానర్లనే ఇక్కడ అమ్ముతారు. పోలీసు చానెళ్ళ విషయంలో రాష్ట్రానికో రూలు ఉంది, కొన్నిచోట్ల కారులో స్కానర్ ఉండటమే తప్పు. రోడ్ ట్రిప్‌కి వేరే రాష్ట్రం వెళ్తుంటే అక్కడి రూలు చూసుకోండి, ఓపిక లేకపోతే స్కానర్‌ని ఇంట్లో వదిలేయండి.

వినడానికే అనుమతి. ఆ ఫ్రీక్వెన్సీలో నోరు విప్పితే జైలు దాకా పోవచ్చు. స్కానర్‌లో మాట్లాడే ఏర్పాటే ఉండదు కాబట్టి పొరపాటున కూడా అలా జరగదు.

ఇండియా వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళొచ్చా? శంషాబాద్ దగ్గర వినాలని ఉంది.

పట్టుకెళ్ళకండి. అనుమతి లేకుండా రేడియో పరికరం దగ్గర పెట్టుకోవడమే తప్పని 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం చెప్పింది. దాని స్థానంలోకి వచ్చిన 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కూడా రేడియో పరికరం ఉంచుకోవాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలనే అంటుంది. ఇంట్లో పాటలు వినే రేడియోకి వర్తించే సడలింపు స్కానర్‌కి ఉందనుకుని కస్టమ్స్ వాళ్ళతో వాదనకు దిగడం తెలివైన పని కాదు. పైగా విశాఖ లాంటి చోట విమానాశ్రయం నేవీ స్థావరమైన ఐ.ఎన్.ఎస్. డేగాలో ఉంది. అక్కడ యాంటెన్నా పైకెత్తి నిలబడితే ఎవరేం అడుగుతారో ఊహించుకోవచ్చు.

రేడియో మీద నిజంగా ఆసక్తి ఉన్న తమ్ముడో మేనల్లుడో అక్కడ ఉంటే హ్యామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడుకునే అభిరుచి) పరీక్ష రాయమనండి. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 నుంచి ఉంది. అయితే హ్యామ్ లైసెన్స్ వస్తే విమానాల చానెళ్ళు వినడానికి కూడా అనుమతి వచ్చినట్టు కాదు.

ఇంగ్లండ్‌లో పరిస్థితి విచిత్రం. స్కానర్ కొనుక్కోవచ్చు, ఇంట్లో పెట్టుకోవచ్చు. మీ కోసం ఉద్దేశించని మాటలు వింటే మాత్రం 2006 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం నేరమే, విమానాల మాటలూ అందులోకే వస్తాయి. రన్‌వే పక్కన చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నవాళ్ళు అక్కడా కనిపిస్తారన్నది వేరే విషయం.

ఏది కొనాలి?

ఖరీదైన డిజిటల్ స్కానర్ల జోలికి పోవద్దు. ఏడెనిమిది వందల డాలర్లు పోసి కొనేవి పోలీసు, ఫైర్ డిపార్ట్‌మెంట్ డిజిటల్ సిగ్నళ్ళ కోసం. విమానాలు ఇప్పటికీ పాతకాలపు మామూలు ఎ.ఎం. సిగ్నల్ మీదే మాట్లాడుకుంటాయి. యూనిడెన్ బేర్‌క్యాట్ బి.సి.125ఎ.టి. లాంటి చేతిలో పట్టే చిన్న స్కానర్ మొదటిసారికి సరిపోతుంది. ధర నూటయాభై డాలర్ల చుట్టుపక్కల. 500 చానెళ్ళు దాచుకోవచ్చు, మిలిటరీ విమానాలు వాడే 225 మెగాహెర్ట్జ్ పైబడిన బ్యాండ్ కూడా చాలావరకు పలుకుతుంది.

లాప్‌టాప్‌తో తంటాలు పడటం ఇష్టమైతే ఆర్.టి.ఎల్.-ఎస్.డి.ఆర్. అనే యు.ఎస్.బి. డాంగిల్ నలభై డాలర్ల చుట్టుపక్కల వస్తుంది. బ్యాండ్ అంతా స్క్రీన్ మీద కనిపిస్తుంది, ఎవరు ఎక్కడ మాట్లాడుతున్నారో కంటికి తెలుస్తుంది. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళలో చాలామంది దీంతోనే మొదలుపెడతారు, డ్రైవర్లు ఇన్‌స్టాల్ చేయడంలోనే వారాంతం గడిపేస్తారు. వినడమే ముఖ్యం అనుకుంటే చేతి స్కానరే మేలు. పార్కుకి తీసుకెళ్ళొచ్చు, బటన్ నొక్కితే పలుకుతుంది.

ఇంట్లో బావోఫెంగ్ వాకీటాకీ ఉంది. దానిలో శాన్‌ఫ్రాన్సిస్కో కంట్రోల్ టవర్ ఫ్రీక్వెన్సీ 120.5 కొడితే రాదా?

ఆ నంబరు స్క్రీన్ మీద చూపించినా మాట రాదు. అలాంటి చవక వాకీటాకీల్లో చాలావాటికి ఎఫ్.ఎం. మాత్రమే వచ్చు. విమానాలది ఎ.ఎం. గరగర తప్ప ఏమీ వినపడదు. ఏ రేడియో కొన్నా పెట్టె మీద 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ వరకు ఎ.ఎం. రిసీవ్ చేస్తుందని ఉందో లేదో చూడండి.

ఈ కాలంలో కూడా ఎ.ఎం. ఏమిటి? శబ్దం అంత నాసిగా ఉంటే ప్రమాదం కాదా?

ఎఫ్.ఎం.లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన సిగ్నల్ రెండోదాన్ని మింగేస్తుంది. రెండోవాడు మాట్లాడాడన్న సంగతే ఎవరికీ తెలియదు. ఎ.ఎం.లో అలా కాదు. రెండు సిగ్నళ్ళు ఢీకొని కీచుమని శబ్దం వస్తుంది. మాట పోయినా, ఎవరో మాట్లాడబోయారని అందరికీ తెలుస్తుంది. వెంటనే ఎవరో ఒకరు “బ్లాక్డ్” అంటారు, ఇద్దరూ మళ్ళీ చెబుతారు.

అదీ ప్రతిసారీ కాపాడదు. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరీఫే విమానాశ్రయంలో దట్టమైన పొగమంచు. కె.ఎల్.ఎం. బోయింగ్ 747 అనుమతి లేకుండానే రన్‌వే మీద పరుగు మొదలుపెట్టింది. ఆగమని కంట్రోలర్ (విమానాలకు నేల మీది నుంచి దారి చెప్పే ఉద్యోగి) చెబుతున్న క్షణంలోనే, తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామని పాన్ యామ్ విమానం చెప్పింది. రెండు మాటలూ కలిసి కె.ఎల్.ఎం. కాక్‌పిట్‌లో కీచు శబ్దంగా మారాయి. 583 మంది చనిపోయారు. ఆ తర్వాతే రేడియో భాషను గట్టిగా బిగించారు. ఇప్పుడు “టేకాఫ్” అనే మాట పైకి లేవడానికి అనుమతి ఇచ్చేటప్పుడో, ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకునేటప్పుడో తప్ప వాడరు. మిగతా అన్ని సందర్భాల్లో “డిపార్చర్” అంటారు. స్కానర్ వింటూ గమనించండి, ఈ క్రమశిక్షణ ఎంత గట్టిదో తెలుస్తుంది.

ఏ ఫ్రీక్వెన్సీలు పెట్టుకోవాలి?

మొదటిరోజు మూడే పెట్టుకోండి. దిగడానికి, లేవడానికి అనుమతి ఇచ్చే శాన్‌ఫ్రాన్సిస్కో టవర్ 120.5, నేల మీద విమానాలను నడిపించే గ్రౌండ్ 121.8, రికార్డు చేసిన వాతావరణ సమాచారం ఎటిస్ 118.85. శాన్‌హోసే దగ్గరుంటే అక్కడి టవర్ 124.0. ఎమర్జెన్సీకి ప్రపంచమంతా ఒకటే, 121.5. దాన్నీ ఒక మూల ఉంచండి, ఎక్కువసేపు నిశ్శబ్దంగానే ఉంటుంది. అప్పుడప్పుడు ఎవరో పైలట్ పొరపాటున అందులో మాట్లాడితే మిగతావాళ్ళు “గార్డ్” (ఈ ఎమర్జెన్సీ చానెల్ పేరు) అని గుర్తుచేస్తారు, కొందరు ఆటపట్టిస్తారు కూడా.

మిగతావాటికి అమెరికా విమానయాన సంస్థ ఎఫ్.ఎ.ఎ. వాళ్ళ చార్ట్ సప్లిమెంట్ (విమానాశ్రయాల వివరాల పుస్తకం) చూడండి. ఉచితం, 56 రోజులకోసారి కొత్తది వస్తుంది. ఎప్పటిదో తెలియని లిస్టు దించుకుని వందల చానెళ్ళు నింపుకుంటే స్కానర్ పరుగులు పెడుతూనే ఉంటుంది, మీకు మాత్రం ఒక్క సంభాషణా పూర్తిగా దొరకదు.

పైలట్ గొంతు స్పష్టంగా వస్తోంది, కంట్రోలర్ మాట రావడం లేదు. సెట్టు పాడైందా?

లేదు. ఈ సిగ్నల్ సరళరేఖలో ప్రయాణిస్తుంది, కొండ అడ్డొస్తే ఆగిపోతుంది. 35,000 అడుగుల ఎత్తులో ఉన్న విమానం మీకు 200 మైళ్ళ అవతల నుంచి కూడా వినిపిస్తుంది. కంట్రోలర్ యాంటెన్నా నేల మీద ఉంటుంది కాబట్టి పది పదిహేను మైళ్ళు దాటితే అనుమానమే.

ఓక్లాండ్ సెంటర్ విషయమే చూడండి. ఉత్తర కాలిఫోర్నియా మీద ఎత్తులో ఎగిరే విమానాలనూ, పసిఫిక్ మహాసముద్రం మీద పెద్ద భాగాన్నీ చూసుకునే ఆ కేంద్రం పేరుకే ఓక్లాండ్, ఉన్నది మన ఫ్రీమాంట్‌లో. ఆ భవనం పక్క వీధిలో ఉన్నా కంట్రోలర్ మాట రాకపోవచ్చు, ఎందుకంటే వాళ్ళ ట్రాన్స్‌మిటర్లు దూరంగా వేరే చోట్ల ఉంటాయి.

యాంటెన్నాతో కొంత మెరుగవుతుంది. ఈ బ్యాండ్‌కి దాదాపు 60 సెంటీమీటర్ల నిలువు కడ్డీ సరైన కొలత. స్కానర్‌తో వచ్చే పొట్టి రబ్బరు యాంటెన్నా అన్ని బ్యాండ్లకూ కొంచెం కొంచెం పనిచేసేలా చేసింది. కిటికీ దగ్గర పెట్టినా చాలు, తేడా తెలుస్తుంది.

విన్నా ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఇంగ్లీషే కదా, ఎందుకిలా?

అందరికీ మొదట్లో ఇంతే, ఇక్కడే పుట్టిన పిల్లలకు కూడా. వేగం సమస్య కాదు. తర్వాత ఏమొస్తుందో తెలియకపోవడమే సమస్య. క్రమం తెలిస్తే చెవి దానంతటదే పట్టుకుంటుంది.

ముందు ఎటిస్ వినండి. అది ఒకే రికార్డింగ్, తిరిగి తిరిగి వస్తుంది. గాలి ఎటు నుంచి, మేఘాలు ఎంత ఎత్తులో, ఏ రన్‌వేలు వాడుతున్నారు, అన్నీ ఉంటాయి. దాదాపు గంటకోసారి మారుతుంది, మారినప్పుడల్లా అక్షరం మారుతుంది. “ఇన్ఫర్మేషన్ బ్రావో” పోయి “ఇన్ఫర్మేషన్ చార్లీ” వస్తుంది. పైలట్ మొదటిసారి పలకరించినప్పుడు “విత్ చార్లీ” అంటే తాజా సమాచారం విన్నానని అర్థం. అవే వివరాలు మీరూ విని ఉంటే తర్వాతి మాటల్లో సగం మీకు ముందే తెలుసు.

ఇప్పుడు టవర్‌కి రండి. ఇలాంటిది వినిపిస్తుంది: “యునైటెడ్ ట్వెల్వ్ థర్టీఫోర్, శాన్‌ఫ్రాన్సిస్కో టవర్, విండ్ టూ ఎయిట్ జీరో అట్ వన్ టూ, రన్‌వే టూ ఎయిట్ రైట్, క్లియర్డ్ టు ల్యాండ్.” ముందు ఎవరితో, తర్వాత ఎవరు, తర్వాత గాలి, తర్వాత రన్‌వే, చివరికి అనుమతి. పైలట్ వెంటనే “క్లియర్డ్ టు ల్యాండ్ టూ ఎయిట్ రైట్, యునైటెడ్ ట్వెల్వ్ థర్టీఫోర్” అని తిరిగి చెబుతాడు. పేరు ఈసారి చివరికి పోయింది చూడండి. కంట్రోలర్ మాటలో మొదట, పైలట్ జవాబులో ఎక్కువగా చివర. ఎవరు మాట్లాడుతున్నారో ఇలా పట్టుకోవచ్చు.

28 అంటే రన్‌వే దిక్సూచిలో సుమారు 280 డిగ్రీల వైపు ఉందని. పక్కపక్కన రెండున్నాయి కాబట్టి ఒకటి రైట్, ఒకటి లెఫ్ట్. మామూలు రోజుల్లో వచ్చేవి 28ల మీద దిగుతాయి, వెళ్ళేవాటిలో చాలావరకు 01ల మీద లేస్తాయి. ఈ రెండు జతలూ ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతాయి. అందుకే కంట్రోలర్ దిగే విమానాల మధ్య సందు చూసి ఒకదాన్ని పంపుతుంటారు. రన్‌వే ఎక్కి ఆగమనడానికి “లైన్ అప్ అండ్ వెయిట్”, రన్‌వే అంచుకు ఇవతలే ఆగమనడానికి “హోల్డ్ షార్ట్”. 2010 సెప్టెంబర్ వరకు అమెరికాలో మొదటిదానికి “పొజిషన్ అండ్ హోల్డ్” అనేవారు. పాత రికార్డింగుల్లో ఆ మాట వినపడితే తికమక పడకండి.

ఇదంతా టవర్ ఒక్కదాని సంగతి. ఒక విమానం బయల్దేరాలంటే క్లియరెన్స్ (వెళ్ళే దారికి అనుమతి), గ్రౌండ్, టవర్, డిపార్చర్ (లేచిన వెంటనే), సెంటర్ (పై ఎత్తులో) అని చేతులు మారుతూ పోతుంది. క్లియరెన్స్ ఇప్పుడు ఎక్కువగా టెక్స్ట్ రూపంలో కాక్‌పిట్ స్క్రీన్ మీదికే వస్తోంది, కాబట్టి ఆ చానెల్ బోసిపోయి ఉంటుంది. వినడానికి రుచి ఉన్నది టవర్, దిగడానికి దగ్గరికి వస్తున్న విమానాలను చూసుకునే అప్రోచ్.

స్పీడ్‌బర్డ్, డైనస్టీ, జెయింట్... ఇవేం కంపెనీలు?

రేడియోలో పిలిచే పేర్లు. స్పీడ్‌బర్డ్ అంటే బ్రిటిష్ ఎయిర్‌వేస్, డైనస్టీ అంటే తైవాన్‌కి చెందిన చైనా ఎయిర్‌లైన్స్, జెయింట్ అంటే సరుకులు మోసే అట్లాస్ ఎయిర్. ఎయిర్ ఇండియా, ఎమిరేట్స్, లుఫ్తాన్సా వాళ్ళవి పేరులో ఉన్నట్టే. నంబరు తర్వాత “హెవీ” అంటే పెద్ద విమానం, వెనక వచ్చేవాటికి దాని గాలి సుడుల హెచ్చరిక. ఎ380కి మాత్రం “సూపర్”.

అమ్మానాన్న హైదరాబాద్ నుంచి వస్తున్నారు. వాళ్ళ విమానం వినొచ్చా?

చివరి అరగంట వినొచ్చు, అది చాలా బాగుంటుంది. సముద్రం మీద, ధ్రువం వైపు ఉన్నంతసేపు మీ స్కానర్‌కి అందదు. అక్కడ పైలట్లు షార్ట్‌వేవ్‌లోనో శాటిలైట్ ద్వారా టెక్స్ట్‌లోనో మాట్లాడతారు. ఫ్లైట్ ట్రాకర్‌లో విమానం ఉత్తర కాలిఫోర్నియాలోకి రాగానే స్కానర్ ఆన్ చేయండి. కిందికి దిగుతున్నప్పుడు నార్‌కల్ అప్రోచ్ చేతిలోకి వస్తుంది, ఆ గది ఉన్నది శాక్రమెంటో దగ్గర. చివరి కొన్ని మైళ్ళు టవర్.

దుబాయ్ మీదుగా వస్తుంటే “ఎమిరేట్స్” అని, ఎ380 అయితే చివర “సూపర్” అని వినిపిస్తుంది. టికెట్ మీది నంబరే చాలాసార్లు రేడియోలోనూ ఉంటుంది. కోడ్‌షేర్ టికెట్ (ఒక కంపెనీ అమ్మితే ఇంకో కంపెనీ విమానంలో వెళ్ళేది) అయితే విమానం నడిపే కంపెనీ నంబరు వేరుగా ఉంటుంది, అది ముందే రాసి పెట్టుకోండి. దిగాక గ్రౌండ్‌కి మారతారు. గేటు ఖాళీ లేదని ఆపితే అది కూడా తెలిసిపోతుంది, పార్కింగ్‌లో డబ్బు పోయకుండా ఇంకో పావుగంట ఆగొచ్చు. ఇమ్మిగ్రేషన్ లైను ఎంత పొడవుందో మాత్రం ఏ స్కానరూ చెప్పదు.

పొగమంచు రోజున విమానాలన్నీ ఆలస్యం అంటారు. స్కానర్‌లో ఏమైనా తేడా తెలుస్తుందా?

బాగా తెలుస్తుంది. 28 లెఫ్ట్‌కీ రైట్‌కీ మధ్య దూరం 750 అడుగులే. ఆకాశం తేటగా ఉన్నప్పుడు రెండు విమానాలు ఒకదాన్నొకటి కళ్ళతో చూసుకుంటూ జంటగా దిగడం ఇక్కడ ఏళ్ళ తరబడి నడిచింది. పక్క విమానం కనిపిస్తోందా అని కంట్రోలర్ అడగడం, “ట్రాఫిక్ ఇన్ సైట్” అని పైలట్ ఒప్పుకోవడం, ఆ మాట మీదే అంతా ఆధారం. మబ్బు కిందికి దిగితే ఆ ప్రశ్నే ఉండదు. విమానాలన్నీ ఒకదాని వెనక ఒకటిగా రావాల్సిందే.

2023 అక్టోబర్‌లో మ్యూనిక్ నుంచి వచ్చిన లుఫ్తాన్సా విమానం రాత్రిపూట ఇలా కళ్ళతో చూసి దిగడానికి తమ కంపెనీ రూలు ఒప్పుకోదంది. కంట్రోలర్‌కి సందు దొరకలేదు. చాలాసేపు వేచి ఉండి చివరికి ఓక్లాండ్‌లో దిగింది. ఆ సంభాషణ రికార్డింగ్ ఊరంతా తిరిగింది, ఎవరిది తప్పని ఇప్పటికీ వాదించుకుంటారు. నా మటుకు పైలట్ పక్షమే. కుదరదు అని చెప్పగలగడం అతని పనిలో భాగం.

ఏదైనా ప్రమాదం జరగబోతుంటే వినిపిస్తుందా?

చాలా అరుదు. చిన్న ఎమర్జెన్సీలు మాత్రం అప్పుడప్పుడు వస్తాయి, ప్రయాణికుడికి ఒంట్లో బాగోలేదనో, ఏదో లైటు వెలిగిందనో. గొంతుల్లో కంగారు ఉండదు, అందుకే కొత్తవాళ్ళకు తెలియకుండానే దాటిపోతాయి.

ఇదే 120.5 మీద 2017 జూలై 7 రాత్రి జరిగింది చెప్పాలి. టొరంటో నుంచి వస్తున్న ఎయిర్ కెనడా 759. ఆ రాత్రి 28 లెఫ్ట్ మూసేశారు, దాని లైట్లు ఆర్పేశారు. వెలుగుతున్న 28 రైట్‌ని చూసి పైలట్లు అదే లెఫ్ట్ అనుకున్నారు. దాని పక్కనున్న ట్యాక్సీవేని (విమానాలు రన్‌వే దాకా నేల మీద నడిచే దారిని) రన్‌వే అనుకుని దిగసాగారు. ఆ ట్యాక్సీవే మీద టేకాఫ్ కోసం నాలుగు నిండు విమానాలు వరుసలో ఉన్నాయి. రన్‌వే మీద ఏవో లైట్లు కనిపిస్తున్నాయని పైలట్ టవర్‌ని అడిగాడు. 28 రైట్ మీద మీరు తప్ప ఎవరూ లేరని కంట్రోలర్ చెప్పాడు, ఆ మాట నిజమే. అప్పుడు వరుసలో ముందున్న యునైటెడ్ పైలట్ అదే చానెల్‌లో, ఇతను ట్యాక్సీవే మీదికి వస్తున్నాడని చెప్పాడు. వెనక ఉన్న ఫిలిప్పీన్ ఎయిర్‌లైన్స్ విమానం లైట్లు వెలిగించింది. ఎయిర్ కెనడా పైకి లేచింది. నేలకు 60 అడుగుల ఎత్తు దాకా వచ్చి లేచిందని అమెరికా రవాణా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్.టి.ఎస్.బి. దర్యాప్తులో తేలింది.

విమానాల రేడియోకి గూఢభాష ఎందుకు పెట్టలేదని అడిగేవాళ్ళకు ఇదే జవాబు. ఒకరి మాట అందరూ వినాలి.

ఎక్కడ కూర్చుని వినడం బాగుంటుంది? పోలీసులు వచ్చి అడిగితే?

మిల్‌బ్రేలోని బేఫ్రంట్ పార్క్, శాన్ మాటియోలోని కొయోటీ పాయింట్. ఎండగా ఉన్నా జాకెట్ తీసుకెళ్ళండి, నీటి మీది నుంచి వచ్చే గాలి కొరికేస్తుంది. చలి వద్దనుకుంటే విమానాశ్రయం రెండో టెర్మినల్‌లో స్కైటెర్రస్ అనే విమానాలు చూసే డాబా ఉంది, టికెట్ లేకపోయినా చూడటానికి వెళ్ళొచ్చు, తెరిచి ఉండే వేళలు ముందే చూసుకోండి. పోలీసులు అడిగితే విమానాలు చూస్తున్నాం అని నేరుగా చెప్పండి, వాళ్ళకు రోజూ కనిపించే జనమే. దాచేయబోతేనే అనుమానం. కంచె పక్కన మాత్రం తచ్చాడొద్దు.

విమానంలో కూర్చుని స్కానర్ వినొచ్చా?

వద్దు. ఎగిరే విమానంలో రేడియో రిసీవర్లు వాడనివ్వరు. యునైటెడ్ వాళ్ళు కొన్ని విమానాల్లో సీటు దగ్గర ఛానెల్ 9లో కాక్‌పిట్ రేడియో వినిపించేవారు, అదీ కెప్టెన్ ఇష్టపడితేనే. పాత ప్రయాణికులు దాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు.

లైవ్‌ఎటిసి వెబ్‌సైట్‌లో అన్నీ వస్తాయి కదా, స్కానర్ ఎందుకు?

నిజమే, డబ్బు పెట్టేముందు ఒక నెల అదే వినండి. ఆసక్తి నిలబడుతుందో లేదో తెలిసిపోతుంది. దానిలో మాట కాస్త ఆలస్యంగా వస్తుంది, రెండు మూడు చానెళ్ళు ఒకే స్ట్రీమ్‌లో కలిపేస్తారు. కళ్ళెదుట విమానం చక్రాలు నేలకు తాకాక “క్లియర్డ్ టు ల్యాండ్” వినపడితే మజా ఉండదు.

స్కానర్ ఎప్పుడూ ఒకే చానెల్ దగ్గర ఆగిపోతోంది, లేదా ఒకటే బుసబుస. ఏం చేయాలి?

ఆగిపోయేది దాదాపు ఎప్పుడూ ఎటిస్ దగ్గరే. అది ఆపకుండా మాట్లాడుతుంది కాబట్టి స్కానర్ ముందుకు పోదు. ఆ చానెల్‌ని లాకౌట్ చేసి (స్కాన్‌లో దాటేసేలా పెట్టి), కావాలన్నప్పుడు చేత్తో మార్చుకుని వినండి. బుసబుస ఉంటే స్క్వెల్చ్ (మాట లేనప్పుడు శబ్దం ఆపే సెట్టింగ్) పెంచండి. శబ్దం ఆగిన చోటు నుంచి ఒక్క మెట్టు మించొద్దు, ఎక్కువ పెంచితే దూరపు విమానాలు కూడా మాయమవుతాయి.

పాటలు, ప్రకటనలు చొరబడుతుంటే దగ్గర్లోని ఎఫ్.ఎం. స్టేషన్ పని అది. 88 నుంచి 108 దాకా వాళ్ళదే, మన బ్యాండ్ ఆ పక్కనే మొదలవుతుంది. ఎఫ్.ఎం. నాచ్ ఫిల్టర్ అనే చిన్న ముక్క యాంటెన్నాకీ స్కానర్‌కీ మధ్య బిగిస్తే చాలావరకు పోతుంది. డాంగిల్ వాడేవాళ్ళకు ఇది ఇంకా ఎక్కువ అవసరం. అప్పటికీ వింత శబ్దం పోకపోతే ఇంట్లో ఫోన్ చార్జర్లు, ఎల్.ఇ.డి. లైట్లు ఒక్కొక్కటే ఆపి చూడండి, సగం సార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.